పూర్వం డెల్టా ఊళ్ళలో కరెంటు ఎలా నడిచేది?

కోనసీమలో మీ తాతగారి ఊరికి 1950ల్లోనే కరెంటు ఉండేదని విన్నాననీ, అప్పటికి పెద్ద లైన్లేవీ రాలేదు కాబట్టి దాన్ని ఎవరు నడిపారు, ఎంతమంది ఉండేవారు, ఎలా సాగిందనీ అడిగారు. పాత ఇంటి గోడకు చెక్క పట్టీ మీద సాగిన జంట తీగలు, మెయిన్ దగ్గర రెండు పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉన్నాయని కూడా రాశారు. వాటి సంగతి చివర్లో చెబుతాను. అంతవరకు వాటిని ముట్టుకోకండి.

నేను 1969లో విద్యుత్ బోర్డులో హెల్పరుగా చేరి, 2005లో లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. అంతకు ముందరి సంగతులు మా నాన్నగారివి. ఆయన మా ఊరి పవర్ హౌసులో ఇంజను డ్రైవరు. సాయంత్రం ఆయనకు క్యారియరు పట్టుకెళ్ళడం నా పని. కాబట్టి ఆ గదిలో నా కళ్ళతో చూసినవి కూడా కొన్ని ఉన్నాయి.

పవర్ హౌసంటే పెద్దగా ఊహించుకోకండి. కాలువ గట్టు మీద పెంకుల షెడ్డు, అందులో రెండు డీజిల్ ఇంజన్లు. ఒకటి 60 హార్స్ పవరు, రెండోది అందులో సగం. కాలువ గట్టునే ఎందుకంటే, ఆయిల్ డ్రమ్ములు పడవల మీద లాకులు దాటుకుంటూ వచ్చేవి, ఇంజను చల్లబరచడానికి నీళ్ళూ అక్కడే దొరికేవి. పెద్ద ఇంజను తీసే కరెంటు సుమారు 40 కిలోవాట్లు. అంటే 40 వాట్ల బల్బులు వెయ్యి. ఇవాళ మీ వీధిలో ఓ పాతిక ఏసీలు ఒక్కసారి వేస్తే ఆ ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. అంత కరెంటుతో ఊరు ఊరంతా వెలిగేది. వెలగడమంటే సాయంత్రం 6 నుంచి రాత్రి 12 దాకా మాత్రమే.

మనుషులు మొత్తం ఆరుగురు. ఇద్దరు డ్రైవర్లు, ఒక ఆయిల్‌మన్, ఇద్దరు వైర్‌మన్లు, డబ్బు వసూలు చేసే గుమాస్తా ఒకరు. అందరికీ పైన మేనేజరు ఉండేవారు కానీ ఆయన నెలకోసారి వచ్చి లెక్కలు చూసుకుని వెళ్ళేవారు.

ఇక ఎలా నడిపారన్న ప్రశ్న. ఇంజను నడపడం నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. ఊరిని నేర్చుకోవడానికే ఏళ్ళు పట్టేది. డీజిల్ ఇంజనుకు వెనక నిలవ ఏమీ ఉండదు. ఊరు ఎంత అడిగితే అంత, అడిగిన క్షణంలోనే ఇవ్వాలి. అడగబోయేది ముందే తెలియకపోతే వేగం పడిపోతుంది, దీపాలు ఎర్రబడతాయి, చిమ్నీలోంచి నల్లటి పొగ వస్తుంది. అందుకని మా నాన్నగారి కళ్ళు ఇంజను మీద కంటే, కరెంటు ఎంత పోతోందో చూపే అమ్మీటరు ముల్లు మీదే ఎక్కువగా ఉండేవి.

ముల్లును చూసి ఆయన ఊరిని చెప్పేసేవారు. ఆరింటికి వీధి దీపాలు వెయ్యగానే ఒక్క అంగలో ఇంత పైకి. ఏడు దాటాక ఇళ్ళు ఒక్కొక్కటే ఎక్కుతుంటే ముల్లు పాకుతున్నట్టు కదిలేది. సినిమా హాల్లో ప్రొజెక్టరుకు కార్బన్ ఆర్క్ దీపం ఉండేది, అది బాగా తినేది. మొదటి ఆటలో విశ్రాంతి ఇవ్వగానే ఆర్క్ ఆరి ముల్లు టక్కున దిగేది. "ఇంటర్వెల్లురా, సోడా బండివాడికి బేరం తగిలింది" అనేవారు. తొమ్మిదిన్నరకు సగానికి పడిపోయాక పెద్ద ఇంజను ఆపి, చిన్నదాని మీద నడిపేవారు. పెద్ద ఇంజను మీద కొద్దిపాటి లోడు నడిపితే ఆయిల్ దండగ, సిలిండరులో మసి కూడా పేరుకుంటుంది. పూర్తి లోడు మీద లీటరుకు మూడు యూనిట్ల చిల్లర వచ్చే ఇంజను, పావు లోడు మీద రెండు కూడా ఇవ్వదు. కంపెనీకి లాభమో నష్టమో ఇక్కడే తేలేది.

ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి ఉన్నా శుభలేఖ అందరికంటే ముందు ఇంజను గదికి వచ్చేది. భక్తికాదు, భయం. పందిట్లో దీపాలు ఎన్ని, మైకు ఉందా, ముహూర్తం రాత్రి ఎన్ని గంటలకు అని నాన్నగారు సుద్దతో గోడ మీద రాసుకునేవారు. తెల్లవారుజాము ముహూర్తమైతే ఆ రాత్రికి అదనపు ఆయిల్ ఖర్చు పెళ్ళివారిదే. మామూలు రాత్రుల్లో పన్నెండుకు పది నిమిషాల ముందు వోల్టేజి తగ్గించే రియోస్టాటు తిప్పి దీపాలను రెండుసార్లు మసకబార్చేవారు. ఆ సైగతో ఆడవాళ్ళు కిరసనాయిలు బుడ్లు వెలిగించుకునేవారు.

ఒక ఇంజను మీంచి ఇంకోదాని మీదికి మారడమే అన్నిటికంటే కష్టం. ఊళ్ళో దీపం ఆరకుండా మార్చాలి. అందుకు రెండు యంత్రాలనూ కాసేపు జతగా నడపాలి. రెండిటి మధ్య మూడు బల్బులు కట్టి ఉండేవి. వేగాల్లో తేడా ఉంటే ఆ బల్బులు మూడూ ఒకేసారి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నరును కొంచెం కొంచెం సవరిస్తే ఆ వెలగడం, ఆరడం నెమ్మదిస్తుంది. బాగా నెమ్మదించి, మూడూ పూర్తిగా ఆరి ఉన్న క్షణం మధ్యలో స్విచ్ వెయ్యాలి. వెలుగుతుండగా వేస్తే ఇంజను పునాది అదిరేలా గుద్దుకుంటుంది, ఒక్కోసారి షాఫ్టే మెలితిరుగుతుంది. నాన్నగారు ఆ క్షణం కోసం ఊపిరి బిగబట్టేవారు. నేనూ బిగబట్టేవాణ్ణి, ఎందుకో తెలియకుండానే.

ఇంకొక చిన్న సంగతి. ఆ ఇంజన్లు సంపీడన గాలితో మొదలయ్యేవి. ఇనప సీసాలో గాలి నింపి ఉంచుకుంటే, దాన్ని సిలిండరులోకి వదలగానే ఫ్లైవీలు తిరుగుతుంది. రాత్రి ఆపే ముందు ఆ సీసా నింపుకోవడం మరిచిపోతే మర్నాడు సాయంత్రం ఊరికి చీకటే. ఒకసారి అలా జరిగింది. చిన్న ఇంజనుకు హ్యాండిలు ఉండబట్టి నలుగురు కూలీలు పట్టి తిప్పారు.

నీళ్ళ గొడవ డెల్టాకే ప్రత్యేకం. వానాకాలంలో కాలువ నీరు ఎర్రగా వస్తుంది. ఆ ఒండ్రు సిలిండరు చుట్టూ ఉండే నీటి జాకెట్లో పేరుకుని నీరు తిరగదు. అందుకే ముందు తొట్టిలో తేరనిచ్చి వాడేవారు. ఎండాకాలంలో అసలు కాలువలే కట్టేస్తారు కదా, అప్పుడు వెనకనున్న చెరువే దిక్కు. చెరువు అడుగంటితే ఉన్న నీళ్ళనే తొట్టి నుంచి తొట్టికి తిప్పుతూ, రాత్రి పదింటికే ఇంజను ఆపేసేవారు. చలికాలంలో మాత్రం ఇంజను నుంచి బయటికొచ్చే వేడినీళ్ళకు చుట్టుపక్కల ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టేవారు. కరెంటు బిల్లు కట్టే స్తోమతు లేని ఇళ్ళకు పవర్ హౌసు వల్ల కలిగిన లాభం అదొక్కటే.

యాజమాన్యం గురించి కూడా తెలుసుకోవాలి. 1910 నాటి విద్యుచ్ఛక్తి చట్టం కింద లైసెన్సు తీసుకుని కంపెనీలు ఊళ్ళకు కరెంటు అమ్మేవి. వాటిని స్వాధీనం చేసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1949లో చట్టం చేస్తే, రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషను సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1954లో ఆ చట్టాన్ని కొట్టివేయించింది. అలాంటి చట్టం చేసే అధికారం అప్పటి మద్రాసు శాసనసభకు లేదని కోర్టు చెప్పింది. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రం తన సొంత చట్టం చేసుకున్నాక ఊరూరా కంపెనీలు చేతులు మారాయి. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. కోర్టు గొడవలతో నాన్నగారికి పనిలేదు కానీ, జీతం మొదటి తారీఖున అందడం మాత్రం బోర్డు వచ్చాకే మొదలైందని చెప్పేవారు.

అసలు మార్పు మాచ్‌ఖండ్‌తో వచ్చింది. ఒడిశా సరిహద్దు కొండల్లో ఉన్న ఆ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. అక్కడి కరెంటు పెద్ద లైన్ల మీద రాజమండ్రి వైపు వచ్చి, అక్కడి నుంచి చిన్న లైన్ల మీద డెల్టాలోకి దిగింది. కోనసీమకు రావాలంటే గోదావరి పాయలు దాటాలి కాబట్టి గట్ల మీద ఎత్తైన టవర్లు కట్టారు. మా ఊరికి 1958లో వచ్చింది. జనం దాన్ని 'హైడ్రో కరెంటు' అనేవారు. పన్నెండు దాటినా దీపం ఆరకపోయేసరికి మొదటి రాత్రి చాలామంది నిద్రపోలేదట. మా నాన్నగారూ నిద్రపోలేదు, కాకపోతే ఆయన కారణం వేరు. పెద్ద ఇంజను ఓ రైసు మిల్లుకు అమ్ముడుపోయింది.

ఇక్కడి నుంచి నా అనుభవం. నేను చేరేసరికి మా సెక్షను కింద ఇరవైకి పైగా ఊళ్ళు. ఒక సెక్షను ఆఫీసరు, ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, నలుగురు లైన్‌మన్లు, ఆరుగురు హెల్పర్లు, ఒక మీటరు రీడరు. సైకిళ్ళు, రెండు వెదురు నిచ్చెనలు. టెలిఫోను పోస్టాఫీసులో ఉండేది, ఆఫీసులో ఉండేది కాదు. 'మాచ్‌ఖండ్ ఉందిగా, ఇంకేం' అనుకునేవారు ఊళ్ళో. కరెంటు కొండల్లోంచి వచ్చినా, చివరి మైలు మాత్రం మా చేతుల్లోనే ఉండేది.

లోడు తెలియాలన్న సూత్రం మారలేదు, రూపం మారింది. డెల్టాలో పొలాలకు కాలువ నీరే కాబట్టి మోటార్ల బెడద మెరకలో ఉన్నంత లేదు. మాకు బెడద రైసు మిల్లులు. కోతలయ్యాక సంక్రాంతి నుంచి మిల్లులన్నీ ఒకేసారి తిరుగుతాయి. పెద్ద మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే అయిదారు రెట్లు లాగుతుంది. సాయంత్రం ఏడింటికి మిల్లు మోటారు వేస్తే, ఆ లైను చివరనున్న పేటలో బల్బు తీగ అగరువత్తి నిప్పులా కనిపించేది. నిబంధన ప్రకారం సాయంత్రం కొన్ని గంటలు మిల్లు ఆపాలి. కానీ కాగితం మీది నిబంధన మిల్లు యజమానిని ఆపదు. మా ఇన్‌స్పెక్టరుగారు ఆయన్ను ఓ సాయంత్రం సైకిలు వెనక ఎక్కించుకుని ఆ పేటకు తీసుకెళ్ళారు. అక్కడ ఆ మిల్లులోనే ధాన్యం కాటా వేసే గుమాస్తా కూతురు ఆ వెలుగులో పరీక్షకు చదువుతోంది. ఆ తర్వాత మాకు ఫిర్యాదు రాలేదు.

మూడు ఫేజుల మీద, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల మీద, ఇళ్ళను సమానంగా పంచడం ఇంకో పని. కొత్త కనెక్షను ఇచ్చేవాడు నిచ్చెనకు దగ్గరగా ఏ తీగ ఉంటే దానికే తగిలించి వస్తాడు. ఏడాది తిరిగేసరికి ఒక ఫేజు మీద ఊరంతా, మిగతా రెండు ఖాళీ. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టంగ్ టెస్టరు పట్టుకుని రాత్రి ఎనిమిదింటికి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొలిచి, మర్నాడు ఒక్కో ఇంటి తీగను ఇటునుంచి అటు మార్చేవాళ్ళం.

న్యూట్రల్ గురించి, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ గురించి, నా తప్పే చెబుతాను. చేరిన అయిదో ఏడు అనుకుంటాను, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ జంపరు (కలిపే తీగ ముక్క) మార్చి, బోల్టు సరిగ్గా బిగించకుండా దిగాను. మధ్యాహ్నం భోజనవేళ, ఇంటికి చేరాలన్న తొందర. వారం తర్వాత ఓ సాయంత్రం అది వదులై ఊడింది. న్యూట్రల్ పోతే తక్కువ లోడు ఉన్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 400 వైపు ఎగబాకుతుంది. ఒక వీధిలో బల్బులు తెల్లగా మండి టపటపా పేలిపోయాయి. పక్క వీధిలో గుడ్డిగా వెలిగాయి. హెడ్మాస్టారి రేడియో వాల్వులు పోయాయి. అవి నా జీతంలోంచి కొనిచ్చాను, ఆయన వద్దంటున్నా. ఇప్పటికీ ఎవరైనా 'మా ఇంట్లో ఒక దీపం ఎక్కువ, ఒకటి తక్కువ' అంటే, మొదట న్యూట్రల్ చూడమనే చెబుతాను.

ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఇంకొకరి నిర్లక్ష్యం వల్ల. లైన్ క్లియర్ తీసుకోవడమంటే, సబ్‌స్టేషనులో స్విచ్ తీయించి, మళ్ళీ మనం చెప్పేదాకా వెయ్యరని మాట తీసుకోవడం. ఫోను లేకపోతే సైకిలు మీద చీటీ వెళ్ళేది, చీటీ తెచ్చినవాడే తిరిగి వెళ్ళి చెప్పాలి. ఓ రోజు అంతా పద్ధతిగా తీసుకుని స్తంభం కింద నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరుగారు అలవాటుగా ఎర్తు గొలుసు (తీగల్లో కరెంటు ఉంటే నేలలోకి దింపేది) తీగల మీదికి విసిరారు. ఫెళ్ళున మెరుపు. కరెంటు లేని లైను మీద మెరుపెక్కడిది? పక్కనున్న ఓ సినిమా హాలువాళ్ళు, కరెంటు పోయింది కదా అని సొంత జనరేటరు వేసుకున్నారు. దాన్ని మా లైను నుంచి విడదీసే స్విచ్ మార్చలేదు. వాళ్ళ కరెంటు వెనక్కి మా తీగల్లోకి వస్తోంది. గొలుసు వెయ్యకుండా ఎక్కి ఉంటే ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు. లైను చచ్చిందని ఎవరు చెప్పినా నమ్మకూడదు, గొలుసు చెబితేనే నమ్మాలని ఆ రోజు నుంచి నా కింద పనిచేసిన ప్రతి కుర్రాడి చేతా చెప్పించాను.

కొబ్బరి చెట్టు ఎంత దగ్గరవాడో అంత శత్రువు. మట్ట ఎండి రాలితే తీగ మీద పడి జారిపోతుంది. పచ్చి మట్ట గాలికి విరిగి రెండు తీగల మధ్య పడితే ఫ్యూజు ఎగిరిపోతుంది, ఒక్కోసారి తీగే తెగుతుంది. చెట్టు కొట్టమంటే రైతు ఒప్పుకోడు, ఒప్పుకోమనే హక్కూ మాకు ఉన్నట్టనిపించేది కాదు. ఏటా కాపు ఇచ్చే చెట్టది. చివరికి దింపు తీసేవాళ్ళతో మంచి చేసుకున్నాం. వాళ్ళు కాయ దింపడానికి ఎక్కినప్పుడు, లైను వైపు వాలిన మట్టలు కూడా కొట్టేసేవాళ్ళు. దానికి ముందుగా మాకు చెబితే ఆ గంట కరెంటు ఆపేవాళ్ళం. ఇదంతా ఏ రిజిస్టరులోనూ ఉండదు.

సముద్రం వైపు, అంతర్వేది, ఓడలరేవు దిక్కున ఊళ్ళలో శత్రువు ఉప్పు. ఉప్పుగాలికి పింగాణీల మీద పొర కడుతుంది. చలికాలం తెల్లవారుజామున మంచు పడి ఆ పొర తడిస్తే, ఇన్సులేటర్ల మీద నీలంగా బుసలు కొడుతూ కరెంటు పాకుతుంది. ఒక వాన పడితే కడిగేస్తుంది. వాన పడకపోతే మేమే గుడ్డలు పట్టుకుని ఎక్కాలి.

సంక్రాంతి పేరు చెబితే మీకు కోడిపందాలు గుర్తొస్తాయేమో, మాకు ప్రభలు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభలను భుజాల మీద మోసుకొస్తారు. దారిలో తీగ అడ్డొస్తే ప్రభ వంగదు, తీగే దిగాలి. ఏ ప్రభ ఏ గంటకు ఏ దారిన వస్తుందో ముందే రాసుకుని, ఆ వరసలో తీగలు విప్పుతూ, దాటాక బిగిస్తూ వెనకాలే నడిచేవాళ్ళం. నా ఉద్యోగంలో పండగ భోజనం చల్లారాకే తిన్నాను.

వరదా తుఫానూ చెప్పకుండా డెల్టా కరెంటు కథ పూర్తి కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, నీళ్ళు ఎక్కడికి వస్తాయో చూసి వరసగా ట్రాన్స్‌ఫార్మర్లు ఆపుకుంటూ వచ్చాం. నీళ్ళలో నిలబడ్డ ఊరికి కరెంటు ఉండడం కంటే లేకపోవడమే మేలు. పడవ మీద వెళ్ళి స్విచ్ తీసిన రోజులవి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను వేరు. తెల్లారి బయటికి వస్తే కొబ్బరి తోటలు దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకున్నాయి. స్తంభం ఒకటి పడితే తీగ లాగి పక్కదాన్నీ పడేస్తుంది, అలా వరసలకు వరసలు. వేరే జిల్లాల నుంచి సిబ్బంది వచ్చారు, లారీల మీద సిమెంటు స్తంభాలు వచ్చాయి. వచ్చినవాళ్ళకు పని తెలుసు, ఊరు తెలియదు. ఏ లైను మీద మంచినీళ్ళ ట్యాంకు ఉంది, ఆసుపత్రి ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఉంది, ఏ గట్టు మీద స్తంభం నిలుస్తుంది, ఎక్కడ గుంట తీస్తే మూడడుగులకే నీళ్ళూరతాయి, ఇవన్నీ మా బుర్రల్లోనే ఉన్నాయి. ఒక్కో జట్టుకు మాలో ఒకణ్ణి ముందు నడిపించారు. సబ్‌స్టేషను నుంచి ఊళ్ళకు వెళ్ళే మొదటి లైను (ఫీడరు) నిలబెట్టి స్విచ్ వేసినప్పుడు నేను సబ్‌స్టేషనులో ఉన్నాను. అమ్మీటరు ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉండిపోయింది. లైను తెగిందేమోనని కుర్ర ఆపరేటరు కంగారు పడ్డాడు. లైను బాగానే ఉంది. ఇళ్ళలోకి వెళ్ళే తీగలే లేవు, కొన్ని చోట్ల ఇళ్ళే లేవు. ముల్లు పాత చోటికి చేరడానికి ఆ ఏడు సంక్రాంతి కూడా దాటింది.

ఇక మీ గోడ సంగతి. ఆ చెక్క పట్టీ మీది తీగలకు లోపల రబ్బరు, పైన నూలు అల్లిక ఉంటాయి. ఇన్నేళ్ళకు రబ్బరు పెళుసెక్కి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది, లోపలి రాగి బయటపడుతుంది. అంతకంటే ముఖ్యం, మెయిన్ దగ్గర ఆ రెండు ఫ్యూజులు. పాత పద్ధతిలో ఫేజుకు ఒకటి, న్యూట్రలుకు ఒకటి పెట్టేవారు. న్యూట్రల్ ఫ్యూజు పోతే దీపాలు ఆరిపోతాయి, ఇంట్లో కరెంటు లేదనుకుంటారు, కానీ ఫేజు తీగ మాత్రం బతికే ఉంటుంది. దీపం వెలగడం లేదన్న ధైర్యంతో చెయ్యి పెట్టి పోయినవాళ్ళున్నారు. స్తంభం దగ్గరే సర్వీసు తీగ విప్పించి, ఆ తర్వాత మొత్తం వైరింగు తీయించండి. పింగాణీ ఫ్యూజులు మాత్రం దాచుకోండి. వాటి అడుగున తయారీదారు పేరు అచ్చువేసి ఉంటే ఫొటో పెట్టండి, ఆ వైరింగు సుమారుగా ఏ కాలానిదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.